నోల్టెపెస్ చెప్పని అంకె

"నీకు పిల్లలెందరమ్మా?" అని నోల్టెపెస్‌ని అడిగితే "ఉన్నారు" అంటుంది. "మేకలెన్ని?" అంటే "ఉన్నాయి" అంటుంది. అక్కడితో ఆగకుండా గుచ్చి గుచ్చి అడిగారనుకోండి, మెడలో పూసల దండలు సర్దుకుని, "ఏం, కొనుక్కుపోతావా?" అని ఎదురడుగుతుంది. తప్పు ఆమెది కాదు. పశువులు మేపుకు బతికే మా సంబురు మనిషిని అడగకూడనిది అడిగింది మీరు. ప్రాణమున్నదాన్ని వేలు పెట్టి చూపించి ఒకటీ రెండూ అనడం మా దగ్గర లేదు. లెక్క పైకి చెప్తే వినేవాడెవడో వింటాడు, వచ్చి ఒకటి తగ్గించి పోతాడు.

మరి సాయంత్రం మంద ఇల్లు చేరినప్పుడు ఏదైనా తప్పిపోతే ఎలా తెలుస్తుందంటారా? దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి చూస్తాం. ఎన్ని వచ్చాయని కాదు, ఎవరు రాలేదని. "బొల్లిది ఏదీ?" అంటుంది ఇల్లాలు. అంతే, మగవాళ్ళు బల్లెం భుజాన వేసుకుని వెనక్కి బయల్దేరతారు. దీనికి అంకెలెందుకు?

చిన్నప్పుడు ఒకసారి నోల్టెపెసే ఆ తప్పు చేసింది. అప్పటికి ఏడెనిమిదేళ్ళుంటాయేమో. బడికెళ్ళే పెద్దమ్మ కూతురు ఆమెకి అంకెలు నేర్పింది. కొత్త పాట నేర్చుకున్న పిల్ల నోరు ఊరుకుంటుందా? దూడల్ని తోలుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడి, వేలు చూపిస్తూ, గొంతెత్తి లెక్కపెట్టేసింది. వాళ్ళమ్మ పితికే పాలు అక్కడే వదిలేసి వచ్చి వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ నెల్లోనే దూడలకి రోగం తగిలింది. సగానికి సగం పోయాయి. రోగం చుట్టుపక్కల అన్ని దొడ్లలోనూ తగిలింది, అక్కడెవరూ లెక్కపెట్టలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిస్తే మాత్రం? చచ్చిన దూడ చర్మం ఒలుస్తూ నాన్న తన వైపు చూడకుండా ఉండడానికి ఎంత అవస్థపడ్డాడో ఆ పిల్ల కళ్ళారా చూసింది. అప్పట్నుంచీ ఆమె నోట ప్రాణమున్నదాని లెక్క రాలేదు.

అలాంటి మనిషికి వచ్చిన పని ఏమిటో తెలుసా? అడవి జంతువుల్ని లెక్కపెట్టే పని. నవ్వకండి. మేం అప్పటికే కావలసినంత నవ్వాం.

ఇదంతా ఫోన్లు మా కొండల వైపు ఇంకా రాని రోజుల్లో జరిగింది. ల్డోరో కొండ కింద ఇసక ఏరుంది. ఏరంటే పేరుకే, ఏడాదిలో నాలుగు రోజులు పారితే గొప్ప. మిగతా రోజులన్నీ ఇసకలో చెలమలు తవ్వుకుని నీళ్ళు తోడుకుంటాం. ఒక్కో చెలమ ఒక్కో ఇంటిది. పశువులు తాగి వెళ్ళాక పొద్దుగూకే వేళకి చుట్టూ ముళ్ళకంప కొట్టి మూసేస్తాం, లేకపోతే ఏనుగులు తొక్కి పాడుచేస్తాయి. ఏనుగుల్ని ఆపడానికి కొట్టిన కంప జీబ్రాల్నీ ఆపింది. మా వైపు జీబ్రాలు పెద్దవి, గుండ్రటి చెవులు, సన్నటి చారలు, వెనక్కి తిరిగితే పొట్ట కిందా పిర్రల దగ్గరా తెల్లన. తెల్లపిర్రలవి అనే మేం పిలుస్తాం. ఒక కరువేడు పొద్దున్నే చెలమల దగ్గరికి వెళ్ళినవాళ్ళకి కంప పక్కనే పడి చచ్చిన తల్లులు, వాటిని ముక్కుతో పొడుస్తూ నిలబడ్డ పిల్లలు కనిపించాయి. మా పెద్దవాళ్ళు తుమ్మచెట్టు కింద కూర్చుని రెండ్రోజులు మాట్లాడుకుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఏటి మలుపు నుంచి కొండ రాళ్ళ దాకా ఉన్న గడ్డి ఎండాకాలమంతా మూసెయ్యాలి, ఏ మందా అడుగుపెట్టకూడదు. అక్కడున్న ఒక చెలమకి కంప కొట్టకూడదు. మీరినవాడు బలిసిన పోతుమేకని కోసి పెద్దలకి పెట్టాలి. ఏ సర్కారూ చెప్పలేదు, ఏ దొరా చెప్పలేదు. తర్వాత్తర్వాత పట్నంలో ఒక ఆఫీసు పెట్టి, చుట్టుపక్కల ఇలాంటి కట్టుబాట్లు చేసుకున్న ఊళ్ళన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చి, నెలనెలా జంతువుల లెక్క రాసి పంపమని కాగితాలిచ్చారు, అంతే.

ఆ కంపలేని చెలమ నోల్టెపెస్ మొగుడిది. ఆయన దగ్గుతో తీసుకుని తీసుకుని పోయాడు. కొడుకులు పశువులతో దూరపు కొండల్లో ఉంటారు. ఈమె మేకల్తో ఏటిగడ్డనే ఉండిపోయింది. జంతువుల్ని కనిపెట్టి ఉండే మనిషి కావాలని పెద్దలనుకున్నప్పుడు, మగవాళ్ళని పెడితే మంద వెనకాల పోతారు, ఈవిడైతే ఎటూ కదలదు కదా అని ఈవిడని పెట్టారు.

పెట్టడం పెట్టారు, ఆమె దాన్ని పనిలా చెయ్యలేదు, కాపురంలా చేసింది. పొద్దున ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి చెలమ పైన రాళ్ళ మధ్య కూర్చునేది, కళ్ళల్లో వత్తులేసుకుని. రెండు నెలలు తిరక్కుండా ఒక్కొక్కదాని చారా పట్టేసింది. తోక పక్కన నిచ్చెన మెట్లలా చారలున్నది నిచ్చెనది. చెవి చీలింది చీలచెవిది. అందర్నీ కరిచి తరిమి ముందు తానే తాగేది అత్తగారు. నీళ్ళకి దగ్గర్లో ఒక తుమ్మ కింద తన జాగా తనదని ఎండలో నిలబడి ఆడవాటి కోసం ఎదురుచూసే మగది పెళ్ళికొడుకు. పాలిచ్చే తల్లులు రోజూ రావాలి, మహా అయితే రోజు విడిచి రోజు. చూడివీ ఒంటరివీ నాలుగైదు రోజులకోసారి వస్తాయి. అందుకని ఏ ఒక్కరోజు కూర్చున్నా అన్నీ కనపడవు. అన్నీ ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే.

మొదట్లో ఆమెకి తోడు నాసియెకు ఉండేది. అన్నగారి కూతురు, నాలుగు తరగతులు చదివింది. సాయంత్రం టీ తాగుతూ నోల్టెపెస్ కబుర్లు చెప్పేది: "అత్తగారొచ్చింది. నిచ్చెనదానికి మళ్ళీ కడుపు. చీలచెవిదాని పిల్ల కుంటుతోంది." నాసియెకు వింటూ మనసులో లెక్కేసుకుని నెలాఖరుకి కాగితం మీద ఒక అంకె రాసేది. మేనత్త ఆ కాగితం వైపు చూసేది కాదు. "ఆ పాపం నీది, నాకు చెప్పకు" అనేది. అలా నాలుగేళ్ళు సాగింది. ఆఫీసుకి అంకె అందేది, ఈమె నాలుక శుభ్రంగా ఉండేది.

తర్వాత నాసియెకుకి కొండ అవతల పెళ్ళయింది.

నెల తిరిగింది, కాగితం వచ్చింది. నోల్టెపెస్‌కి అక్షరాలు రావు. అయినా నాకేం తక్కువని కూర్చుని, వచ్చిన ప్రతిదాని తోక దగ్గరి చారలు బొమ్మగా గీసింది. ఎంత ముద్దుగా గీసిందనుకున్నారు! వచ్చిన ప్రతిరోజూ గీసింది, ఒక్కోదాన్ని పదిసార్లు. కింద అంకె రాయాల్సిన గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. మూడు నెలలు అలాగే పంపింది. పట్నంలో గుమాస్తా పూసల పని నమూనాలనుకున్నాడో ఏమో, ఖాళీ గడి చూసి ఒక సున్నా చుట్టాడు. మూడు నెలలకీ మూడు సున్నాలు. ల్డోరో కింద జీబ్రాలు లేవు అని తేల్చేశారు.

ఆ ఏడు వానలు రెండోసారి కూడా ఎగ్గొట్టాయి.

ఇక్కడ ఆమె మరిది లపాకియో గురించి చెప్పాలి. మొగుడి తమ్ముడు, మా అందరిలోకీ పెద్ద మంద అతనిది, అంతకన్నా పెద్దది అతని నోరు. వదినామరుదులకి ఒకరినొకరు పొడుచుకోకపోతే టీ అరగదు.

"వదినా, నీ వియ్యాలవాళ్ళు నీళ్ళు తాగెళ్ళారా?" అని అరిచేవాడు ఏటి అవతల నుంచి.

"వెళ్ళారయ్యా. నిన్నే అడిగారు. ఆ పోతుమేక జరిమానా కట్టిన పెద్దమనిషి కులాసానా అని."

రెండేళ్ళ కిందట మూసిన గడ్డిలోకి మందని వదిలి పట్టుబడి, పెద్దలకి మేకని కోసి పెట్టింది అతనే. పట్టిచ్చింది ఈమే. అతను పళ్ళు నూరి, తర్వాత తనూ కూర్చుని ఆ మాంసం తిన్నాడు.

కానీ ఆ ఏడు అతని హాస్యం ఎండిపోయింది. ఆవులు లేచి నిలబడలేక పడిపోతున్నాయి. పొద్దున్నే తోక పట్టి నలుగురు మనుషులు లేపాలి. లేచినవి నాలుగడుగులేసి మళ్ళీ కూలబడేవి. రెండో భార్య నైసులా పచ్చి బాలింత. చంటిదానికి పాలు చాలక, ఆవుల దగ్గర పిండుదామంటే పొదుగులు ఖాళీ. మూసిన గడ్డి కళ్ళెదురుగా పచ్చగా కాకపోయినా పసుపుగా, మోకాలెత్తున నిలబడి ఉంది. దాన్ని చూస్తూ ఊరుకోవడం ఏ పశువులకాపరికైనా మాటలా? నేనైతే ఊరుకునేవాణ్ణని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

అలాంటప్పుడు అతని చెవిన పడింది, పట్నం ఆఫీసు కాగితంలో సున్నా ఉందని.

తిన్నగా ఈమె రాళ్ళ దగ్గరికే వచ్చాడు. ఆ రోజు వేళాకోళం లేదు.

"వదినా, ఎవరి కోసం దాస్తున్నావు ఆ గడ్డి?"

"అదేమిటయ్యా, తెలియనట్టు. అవి మేస్తున్నాయి కదా."

"ఏవి? కాగితంలో ఒక్కటీ లేదట. మూడు నెలల్నుంచీ లేదట. నీ చేత్తో నువ్వు పంపిన కాగితమే."

గడి ఖాళీగా వదిలితే ఖాళీ అనుకుంటారు గానీ సున్నా అనుకుంటారని ఆమెకి తోచనే లేదు. చెప్పనిదీ లేనిదీ ఒకటెలా అవుతాయి?

"నేను బొమ్మలు గీశాను" అంది.

"బొమ్మల్ని మేస్తాయా నా ఆవులు? పెద్దల్ని కూర్చోబెడుతున్నాను. గడ్డి తెరిపించేస్తాను. తప్పుగా అనుకోకు."

"నీ ఆవులు అక్కడికొస్తే పొద్దస్తమానం చెలమ చుట్టూ మీరే ఉంటారు, కుక్కలుంటాయి. తల్లులు దగ్గరికి రాలేవు. ఇంకో నీళ్ళకి రెండ్రోజుల దారి. పిల్లలు నడవలేవు లపాకియో."

"నా ఇంట్లోనూ చంటిపిల్ల ఉంది వదినా" అన్నాడతను, వెళ్ళిపోయాడు.

ఆ ఎండాకాలం చెలమకి వచ్చే తల్లులు ఎక్కువ, అన్నిటి పక్కనా గోధుమరంగు జూలు పిల్లలు. గడ్డి తెరిస్తే వారం తిరక్కుండా ఆ పిల్లలు పోతాయి. ఆమెకి తెలుసు, అంతా తన చేతులారా చేసుకున్నదే.

పెద్దలు తుమ్మచెట్టు కింద కూర్చున్నారు. పీటల మీద మగవాళ్ళు, కొంచెం ఎడంగా నేల మీద ఆడవాళ్ళు. మధ్యలో లెమార్కాట్, ఆ కట్టుబాటు చేసిన పాతతరంలో మిగిలినవాడు. కళ్ళు మసకబారాయి గానీ చెవులు పాము చెవులు. పట్నం ఆఫీసు నుంచి లెసుయాయి కూడా వచ్చాడు. మావాడే, ముప్ఫై దాటిన మనిషి, చదువుకున్నాడు, ప్యాంటు వేస్తాడు. సున్నా సంగతి తెలిసి సిగ్గుపడి ముందే వచ్చి రెండు పూటలు చెలమ దగ్గర కూర్చుంటే అతనికి కనబడింది పెళ్ళికొడుకు, ఇంకో రెండు. జీపు వాసనకి మిగతావి రాలేదు.

లపాకియో లేచి, కర్ర పట్టుకుని చెప్పాల్సింది చెప్పాడు. అతిశయం లేదు, అబద్ధం లేదు. "అవి నిజంగా ఉంటే నా నోరు కట్టేసుకుంటాను. లేని వాటి కోసం ఉన్న ఆవుల్ని చంపుకోమంటే చంపుకోను" అని కూర్చున్నాడు. చాలామంది తలలూపారు. అందరి ఆవులూ అలాగే ఉన్నాయి మరి.

"నోల్టెపెస్, ఏమంటావమ్మా?" అన్నాడు లెమార్కాట్.

ఆమె లేచి నిలబడి ఎవరెవరు వస్తున్నారో చెప్పడం మొదలెట్టింది. అత్తగారి దగ్గర్నుంచి మొదలెట్టి ఒక్కొక్కదాని పేరూ, గుణమూ, పిల్ల ఏ రోజు పుట్టిందీ, ఏది ఎవరితో పడదూ. చెప్తూ చెప్తూ తన భయం తనే మర్చిపోయింది. "ఆ చీలచెవిది నా పాత చెప్పు ఎత్తుకుపోయింది, ఇప్పటికీ ఇవ్వలేదు" అంటే పెద్దలు పగలబడి నవ్వారు. "అత్తగారు నీ మీద అలిగిందా ఎప్పుడైనా?" అని ఒకాయన అడిగాడు. "నా సొంత అత్తగారి కన్నా మెరుగే తాతా" అంది. లెసుయాయి తల వంచుకుని, చప్పుడు చెయ్యకుండా, ఒక్కో పేరుకీ కాగితం మీద ఒక్కో గీత పెట్టుకుంటూ పోయాడు. అలా రాసేసుకుంటే ఎవరి నోరూ చెడకుండా పని గట్టెక్కుతుందని అతని ఆలోచన. మంచివాడే.

లపాకియో అది చూడనే చూశాడు. "పేర్లు బాగున్నాయి వదినా. చచ్చినవాళ్ళకీ పేర్లుంటాయి, మా నాన్న పేరు నేనింకా చెప్తూనే ఉన్నాను. ఇతను గీసే గీతలు ఇతనివి. ఇతను చూడలేదు. రేపు కొండవతలవాళ్ళు తమ ఆవుల్తో వచ్చి, ఈ గడ్డి ఎవరి మాట మీద మూశారని అడిగితే, గీతల మాట మీదనా చెప్పేది?"

అది మాకు కొత్త మాట కాదు. తుమ్మ కింద చూసినవాడే చెప్పాలి. ఒకరు చూసింది ఇంకొకరి నోటితో చెల్లదు. దొంగతనమైనా, పెళ్ళయినా, పొలిమేర తగువైనా అంతే. ఈ సంగతి లెమార్కాట్‌కి అందరికన్నా బాగా తెలుసు. ఆయన ముక్కుపొడి డబ్బీ తీసి చిటికెడు పీల్చాడు.

"అమ్మా, అతను అడిగింది అన్యాయం కాదు" అన్నాడు. "సున్నా అన్నది అంకె. దాన్ని కొట్టెయ్యాలంటే అంకే కావాలి. అది చూసినవాళ్ళ నోటంట రావాలి. నేను నిన్ను బలవంతపెట్టను, ఎవరూ పెట్టరు. చెప్పకపోతే మాత్రం రేపు పొద్దున గడ్డి తెరుస్తాం."

ఆడవాళ్ళలో ఒకామె పిల్లవాడి చెవులు మూసింది. అప్పుడు చూడాలి లపాకియో మొహం. గడ్డి అడగడానికి వచ్చాడు గానీ విషయం ఇంతదాకా వస్తుందని అతననుకోలేదు. ఆవిడ వీపు మీద పడ్డ దెబ్బ సంగతీ, చచ్చిన దూడల సంగతీ అన్న చెప్పగా విన్నవాడే.

"వదినా, ఊరుకో" అన్నాడు గొంతు తగ్గించి. "నా ఆవుల్ని లెక్కపెట్టి చెప్పమంటే నేనూ చెప్పను. చెప్పకు. కూర్చో."

"కూర్చుంటే గడ్డి వదిలేస్తావా?"

"నా ఆవులు..." అన్నాడు, ఆగిపోయాడు.

"మరింకేం?" అంది నోల్టెపెస్.

ఆమె పూసల దండల్ని రెండు చేతుల్తో గుండెకి అదిమిపెట్టుకుంది. ఏటి వైపు ఒకసారి చూసింది. అవేవీ అక్కడ లేవు, మధ్యాహ్నం వేళ. పెదవులు కదిలాయి, లోపల్లోపల ఒక్కొక్కదాన్నీ మళ్ళీ తల్చుకుంటున్నట్టు. తర్వాత అందరికీ వినపడేలా, తప్పిపోయిన మేకని పిలిచేంత గట్టిగా, ఆ అంకె చెప్పేసింది.

అదెంతో నేనిక్కడ చెప్పను. ఆమె ఒకసారి చెప్పింది, చాలు.

లెసుయాయి కాగితం వైపు చూసుకున్నాడు. వేలితో గీతలు తడుముకుంటూ మొదటి నుంచీ వచ్చాడు. మళ్ళీ వచ్చాడు.

"పెద్దమ్మా, నా గీతలకన్నా ఒకటి ఎక్కువ చెప్పావు. పేరొకటి చెప్పడం మర్చిపోయావా?"

"లేదు నాయనా."

"చూశారా!" అన్నాడు వెనక నుంచి ఎవడో. "ఆవిడకే తెలీదు!"

"నాకు తెలుసు" అంది నోల్టెపెస్. ఆమె గొంతు చిరాగ్గా ఉంది. "ఆ ఎక్కువది నేను. నన్ను కూడా కలిపి చెప్పాను. లెక్క విన్నవాడు ఒకదాన్ని పట్టుకుపోవాలనుకుంటే, పిల్లతల్లుల్ని వదిలి నన్ను పట్టుకుపోనీ. నా పిల్లలు ఎదిగారు. నా పాలు ఎవరికీ అక్కర్లేదు."

లెమార్కాట్ పీట మీంచి లేవబోతే ఇద్దరు పట్టుకుని లేపారు. ఆయన వచ్చి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, మా పద్ధతి ప్రకారం పెదాల మీంచి ఉమ్మి తడి చిలకరించి దీవించాడు. "బతుకు" అన్నాడు. "దేవుడా" అన్నాం అందరం. "బతకనీ" అన్నాడు. "దేవుడా" అన్నాం.

"గడ్డి వానల దాకా మూసే ఉంటుంది" అన్నాడాయన తిరిగి కూర్చుంటూ. "లపాకియో, నీ ఆవుల్లో నడవగలిగినవాటిని నా కొడుకుల మందతో ఉత్తరం కొండకి పంపు. నడవలేని వాటికి ఇంటికో మోపు తుమ్మకాయలు తెచ్చి పడేస్తాం. ఇంటికో మోపు. విన్నారా?"

విన్నామన్నారు. లపాకియో మాత్రం వినలేదు. అతను లేచి నిలబడి వదిన వైపే చూస్తున్నాడు, కోపంగా చూస్తున్నాడో ఎలా చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత లెసుయాయి మీద విరుచుకుపడ్డాడు.

"రాయవేం? ఇంకొకటి కలిపి రాయి."

"ఏమిటి కలిపేది?"

"నన్ను! ఆవిడ ఒక్కతే అయితే వెతుక్కునేవాడికి మరీ తేలికైపోతుంది. నన్నూ కలుపు, కాస్త తికమకపడనీ."

నోల్టెపెస్ మెడలో దండలు సర్దుకుంది.

"నన్నూ రాయి" అన్నాడు, ఆమెని అత్తగారి గురించి అడిగిన తాత. "నేనెలాగూ పోయేవాణ్ణే, మొదట నన్నే రాయాల్సింది." నవ్వులు లేచాయి. "నన్ను కూడా" అన్నాడు ఇంకొకడు. "మా అన్నదమ్ములిద్దర్నీ." ఆవిడకే తెలీదని వెనక నుంచి అరిచినవాడు కూడా ముందుకొచ్చి, తల గోక్కుంటూ, తన పేరు చెప్పుకున్నాడు. నేనూ చెప్పాను. లెసుయాయి కలం ఆగడం లేదు. ఆడవాళ్ళ వైపు నుంచి కూడా గొంతులు వచ్చాయి, ముసలమ్మలవి ముందు, తర్వాత నడివయసువాళ్ళవి. చదువుకున్న కళ్ళు తుడుచుకుంటూ అతను గీతలు పెడుతూనే ఉన్నాడు, ఈ కాగితం ఆఫీసులో ఎవరికెలా చూపిస్తాడో అతనికే తెలియాలి.

ఆఖర్న నైసులా లేచింది. లపాకియో చిన్న పెళ్ళాం, చంటిదాన్ని రొమ్ముకి ఆనించుకునే ఉంది. "నన్నూ" అంది మెల్లగా. లెసుయాయి ఒక గీత పెట్టాడు.

"నువ్వు కాదు!" అని నోల్టెపెస్ అరిచిన అరుపుకి చంటిది ఉలిక్కిపడి పాలు వదిలేసింది. "నువ్వు కూర్చోవే. పాలిచ్చేదానివి. నిన్ను కలుపుతానంటే ఊరుకుంటానా? అబ్బీ, కొట్టెయ్యి అది. నా ఎదురుగానే కొట్టెయ్యి."

లెసుయాయి ఆ ఒక్క గీతా కొట్టేశాడు.